బండ తగిలింది కదా, ఇంక ఆపేయొచ్చా?

గత నెల రాయగడ శివారులో ఒక రిటైర్డ్ మాస్టారి స్థలంలో పునాది కోసం నేల పరీక్ష బోరు వేస్తున్నాం. 12 అడుగుల దగ్గర రిఫ్యూజల్ వచ్చింది, అంటే ఎంత కొట్టినా ఇక దిగనంది. 50 దెబ్బలు కొట్టినా శాంప్లర్ (మట్టి నమూనా తీసే గొట్టం) 4 సెంటీమీటర్లు కూడా దిగలేదు. మాస్టారి మొహం వెలిగిపోయింది. "బండ దొరికేసింది కదా బాబూ, ఇంక ఆపేయండి. మీటరు లెక్కన డబ్బులు నేలలో పోయడం ఎందుకు?" అన్నారు.

అపోహ: రిఫ్యూజల్ వస్తే కొండరాయి దొరికినట్టే. ఇటు జయపురం, కొరాపుట్, అటు గుణుపూర్, పర్లాకిమిడి, ఎక్కడికెళ్లినా ఇదే మాట. జనం కొంప ముంచేదీ ఇదే.

వాస్తవం: శాంప్లర్‌ను కొట్టే 63.5 కిలోల సుత్తి 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడుతుంది. కింద ఏదో గట్టిది ఉందని చెబుతుంది, అంతే. అది కిందిదాకా ఉన్న కొండరాయో, మట్టిలో విడిగా ఉన్న గుండో దానికి తెలీదు. మన తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉన్న రాళ్లు ఖోండలైట్ (కోందు గిరిజనుల మీదుగా వచ్చిన పేరే), చార్నొకైట్. పగుళ్లలోకి నీళ్లు దిగి లక్షల ఏళ్లలో చుట్టూ రాయంతా మట్టైపోతుంది, నడుమ గుండు మిగులుతుంది. చార్నొకైట్‌లో ఇది మరీ ఎక్కువ. కొండ వాలు నుంచి దొర్లి పూడిపోయినవి వేరే.

మాస్టారిని ఒప్పించి ఎన్‌ఎక్స్ సైజు బిట్‌తో కోరింగ్ (రాయిని కోసి కడ్డీలా బయటికి తీయడం) మొదలుపెట్టాం. మీటరుంబావు దాకా నల్లటి చార్నొకైట్, మూరెడేసి ముక్కలు, ఆర్‌క్యూడీ (కోసిన పొడవులో 10 సెంటీమీటర్లకు పైబడిన గట్టి ముక్కల శాతం) 90 పైన. ఆ తర్వాత రాడ్లు ఒక్కసారి జారాయి. తిరిగొచ్చే నీళ్లు ఎర్రబడ్డాయి. ఆఖరి ముక్క కడిగి మాస్టారి చేతిలో పెట్టాను. అడుగు వైపు తుప్పు రంగు, గోటితో గీకితే రాలుతోంది. అడుగున కూడా అలా కుళ్లిందంటే అది గుండే. దాని కింద ఎన్ విలువ (శాంప్లర్ 30 సెంటీమీటర్లు దిగడానికి పట్టే దెబ్బలు) 9, అంటే మట్టే. అసలు రాయి 29 అడుగుల దగ్గర తగిలింది.

అందుకే కనీసం 3 మీటర్లు కోరింగ్ చేయందే లాగ్‌లో (బోరు రికార్డులో) నేను బండ అని రాయను. అంతకన్నా పెద్ద గుండ్లూ ఉంటాయి కాబట్టి పక్క బోర్లతో పోల్చి చూస్తాను. ఖోండలైట్ అయితే కోరులో పొరల వాలు దగ్గరి కొండరాయి వాలుతో కలుస్తోందా అనీ చూస్తాను.

నేను ఈ పనిలో చేరిన కొత్తలో ఒక ఇల్లు చూశాను. రిఫ్యూజల్ రాగానే బోరు ఆపేశారు. ఒక మూల గుండు మీద కూర్చుంది, మిగతాది మట్టి మీద. రెండో వానాకాలానికి కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగులు. ఆ ఇంటావిడ సిమెంటు నింపడం, అది మళ్లీ విచ్చుకోవడం, నాకు ఫోన్ చేయడం. అప్పులు తీరని ఇల్లు అది. ఆమె గొంతు ఇప్పటికీ గుర్తుంది.

"నీళ్ల బోరువాళ్లు రాయి చెప్పారుగా" అంటారు. నీళ్ల బోరు సుత్తి రాయిని పొడి చేసి గాలితో ఊదేస్తుంది. మధ్యలో మెత్తటి పొర ఎంత ఉందో ఆ పొడి చెప్పదు. ఇంకో మాట: వంశధార ఒడ్డు ఇసుకలో ఎన్ విలువ మరీ తక్కువ వస్తే టెన్షన్ పడకండి. బోరులో నీటిమట్టం భూగర్భ జలమట్టం కంటే కిందికి పోతే ఇసుక అడుగునుంచి పొంగి వదులవుతుంది. బోరులో నీళ్లు నింపి ఉంచి, పరీక్ష మళ్లీ చేయించండి.

రిగ్ (బోరు వేసే యంత్రం) దిగితే గని వస్తున్నట్టేనని ఊళ్లలో పుకారు. బాక్సైట్ గొడవలు చూసిన జిల్లాలివి, ఆ భయాన్ని తప్పుపట్టను. పుకారు నమ్మే బదులు రిగ్ దగ్గరికి రండి, ఏం పనికి, ఎంత లోతుకు అని అడగండి. కాగితాలు, కోర్ బాక్సు (తీసిన రాతి ముక్కల పెట్టె) రెండూ చూపించాల్సింది మేమే.