చిన్న చెరువులో చిరుచేపల లెక్క

తెలంగాణ ప్రభుత్వం 2016-17లో చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలను వదిలే పథకాన్ని మొదలుపెట్టింది. కొన్ని నెలలే నీరుండే కుంటలకు 35-40 మిల్లీమీటర్ల పిల్లలను, ఏడాది పొడవునా నీరుండే చెరువులకు 80-100 మిల్లీమీటర్ల పిల్లలను కేటాయిస్తారు. బొచ్చె, రోహు, బంగారు తీగ పిల్లలను ఎన్ని వదిలారన్నది కాగితం మీద ఉంటుంది. అయితే, అప్పటికే ఆ నీటిలో ఉన్న చేపలెన్ని, ముఖ్యంగా ఎవరూ వదలకపోయినా పెరిగిపోయే జిలేబి (తిలాపియా), పరక, జెల్ల వంటి చిన్న చేపలెన్ని అన్నది ఆ కాగితం చెప్పదు. హైదరాబాద్ చుట్టూ ఉన్న చిన్న చెరువుల ఆరోగ్యాన్ని తెలుసుకోవాలంటే వదిలిన పిల్లల సంఖ్య కంటే ఈ చిరుచేపల స్థితిగతులే మంచి ఆధారమని నా అభిప్రాయం.

చెరువును ఎండగట్టకుండా అందులోని చేపలను లెక్కించడానికి నూరేళ్లకు పైబడిన పద్ధతి ఒకటుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త యోహానెస్ పీటర్సన్ పేరుతో అది ప్రసిద్ధమైంది. ముందుగా కొన్ని చేపలను పట్టి, పొట్ట కింది రెక్క కొసను కొద్దిగా కత్తిరించి, తిరిగి నీటిలో వదులుతారు. అవి మిగతా చేపలతో కలిసిపోయేందుకు కొన్ని రోజులు ఆగి, మళ్లీ వల వేసి, పడినవాటిలో గుర్తున్నవి ఎన్నో చూస్తారు. మొదటిసారి 120 జిలేబీలకు గుర్తు పెట్టామనీ, రెండోసారి పడిన 150 చేపల్లో 10కి ఆ గుర్తు కనిపించిందనీ అనుకుందాం. రెండోసారి పట్టినవాటిలో పదిహేనో వంతు గుర్తు ఉన్నవే కనుక, మొత్తం చేపల్లోనూ గుర్తున్నవి పదిహేనో వంతే అనుకుంటే చెరువులో 1,800 జిలేబీలు ఉన్నట్టు. గుర్తున్నవి తక్కువగా దొరికినప్పుడు ఈ లెక్క అసలు సంఖ్య కంటే ఎక్కువ చూపుతుంది కాబట్టి, 1951లో చాప్‌మన్ అనే గణాంకవేత్త సూచించిన సవరణను వాడతారు. దాని ప్రకారం 1,660 వస్తుంది. అయితే ఆధారమంతా ఆ పది చేపల మీదే ఉంది. అదృష్టం కొద్దీ మరో ఐదారు ఎక్కువ పడినా, నాలుగైదు తక్కువ పడినా ఫలితం తారుమారవుతుంది. నిజమైన సంఖ్య సుమారు వెయ్యి నుంచి మూడున్నర వేల దాకా ఎక్కడైనా ఉండవచ్చు. ఈ అనిశ్చితిని తగ్గించడానికి ఒక్కసారితో ఆపకుండా, పట్టిన ప్రతిసారీ కొత్త చేపలకు గుర్తు పెడుతూ పోయే పద్ధతిని జోయీ ష్నాబెల్ అనే అమెరికన్ గణితవేత్త 1938లో ప్రతిపాదించారు. ఒక సరస్సులోని మొత్తం చేపలను అంచనా వేయడమే ఆమె వ్యాసంలోని విషయం.

ఈ పద్ధతులు సరిగ్గా పనిచేయాలంటే, రెండు పట్టుల మధ్య చేపలు చెరువులోకి రాకూడదు, బయటకు పోకూడదు, గుర్తు చెరిగిపోకూడదు, గుర్తు పెట్టిన చేపకు మిగతావాటికంటే ఎక్కువ ప్రమాదం ఉండకూడదు. హైదరాబాద్‌లో మొదటి షరతే గట్టి చిక్కు. ఇక్కడి చెరువులు గొలుసుకట్టుగా తవ్వినవి. వానాకాలంలో పై చెరువు అలుగు పారితే నీటితో పాటు చేపలూ కింది చెరువుకు చేరతాయి, కొన్ని ఎదురీది కాలువల్లోకి ఎక్కుతాయి. అప్పుడు గుర్తు పెట్టిన చేప పక్క చెరువులో ఉండగా, మన చెరువులో గుర్తులు తగ్గి, ఉన్న చేపలకంటే ఎక్కువ ఉన్నట్టు లెక్క తేలుతుంది. అందుకే అలుగు ఆగిన తర్వాత, నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు ఈ పని పెట్టుకోవడం మేలు. వేసవిలో నీరు తగ్గి పట్టడం సులువే కానీ, వేడెక్కిన నీటిలో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గుతుంది. సముద్రమట్టం వద్ద 20 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు ఇముడ్చుకోగలిగితే, 30 డిగ్రీల నీరు ఏడున్నరకు మించి ఇముడ్చుకోలేదు. మురుగు చేరి పాచి పట్టిన చెరువులో తెల్లవారుజామున అది మరింత పడిపోతుంది. ఆ వేళ పట్టి, కొలిచి, వదిలిన చేప బతుకుతుందన్న నమ్మకం లేదు.

ప్రతి ఏటా ఇంత శ్రమ సాధ్యం కాకపోతే, ఒకే ప్రయత్నానికి ఎంత పడుతోందో చూడటం చవకైన దారి. అదే వల, అదే కాలం, అవే గంటలు, అవే చోట్లు అయితేనే రెండేళ్ల ఫలితాలను పోల్చవచ్చు. వల మారితే చెరువు మారినట్టు కనిపిస్తుంది. చేప మొప్పల దగ్గర చిక్కుకునే గిల్ నెట్‌లో కన్నులన్నీ ఒకే కొలతవైతే, ఆ కంతకు సరిపోయే పొడవున్న చేపలే ఇరుక్కుంటాయి. వాటికంటే చిన్నవి జారిపోతాయి, పెద్దవి తాకి వెనక్కి తిరుగుతాయి. ఈ పక్షపాతాన్ని తగ్గించడానికే యూరప్ దేశాలు 5 నుంచి 55 మిల్లీమీటర్ల దాకా పన్నెండు రకాల కన్నులున్న వలను ప్రమాణంగా పెట్టుకున్నాయి. కానీ గిల్ నెట్‌లో పడిన చేప చాలాసార్లు చనిపోతుంది. చిన్న చెరువుకు విసురు వల, ఒడ్డు దగ్గర సన్న కన్ను లాగుడు వల మెరుగు. గుర్రపు డెక్క కమ్మిన చోట ఏ వలా సరిగా దిగదు, చిరుచేపలు దాక్కునేదీ అక్కడే. ఆ భాగాన్ని వదిలేస్తే, లెక్కలో అవి లేనట్టే అవుతుంది.

పడినవాటి పొడవును మాత్రం ఒక్కొక్కటిగా కొలవాలి. నా దృష్టిలో మొత్తం సంఖ్య కంటే ఇదే విలువైన సమాచారం. ఉత్తర అమెరికా చెరువుల్లో పెనంలో వేయించుకునేంత పరిమాణంలో ఉండే బ్లూగిల్ చేపలను అంచనా వేసేటప్పుడు, 8 సెంటీమీటర్లు దాటినవాటిలో 15 సెంటీమీటర్లు దాటినవి నూటికి ఎన్నో చూస్తారు. 20 నుంచి 60 దాకా ఉంటే సమతౌల్యంగా భావిస్తారు. అలబామాలో చెరువులను పరిశీలించిన హోమర్ స్వింగిల్ 1950లో, మేత చేపల మొత్తం బరువు వేటాడే చేపల బరువుకు 3 నుంచి 6 రెట్లు ఉండటం మంచిదని చూపారు. వేటాడే చేప తగ్గితే చిన్నవి విపరీతంగా పెరిగి, తిండి చాలక పొడవు ఎదగకుండానే గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి.

జిలేబీకి ఈ లక్షణం మరీ ఎక్కువ. 1952లో మన దేశానికి తెచ్చిన ఈ ఆఫ్రికా చేపలో తల్లి గుడ్లను, పిల్లలను నోట్లోనే కాపాడుకుంటుంది. ప్రాణవాయువు తక్కువైనా తట్టుకుంటుంది. మురుగు కలిసే నగర చెరువుల్లో అది విస్తరించడంలో ఆశ్చర్యం లేదు. జిలేబీ వయసును పొలుసు మీది వలయాలతో చెప్పడం ఇక్కడ కష్టం. శీతల దేశాల్లో చలికాలంలో ఎదుగుదల ఆగి ఏటా ఒక గీత ఏర్పడినంత స్పష్టంగా మన దగ్గర ఏర్పడదు. ఏడాదిలో ఎన్నోసార్లు గుడ్లు పెడుతుంది కాబట్టి పొడవుల ఆధారంగా తరాలను విడదీయడమూ కష్టమే. పొడవుతో పాటు బరువును కూడా తూచి, గ్రాముల్లోని బరువును వందతో గుణించి, సెంటీమీటర్లలోని పొడవు ఘనంతో భాగిస్తే వచ్చే సంఖ్య ఇలాంటప్పుడు అక్కరకొస్తుంది. 15 సెంటీమీటర్ల జిలేబీ 60 గ్రాములుంటే అది 1.78, 45 గ్రాములే ఉంటే 1.33. ఒకే చెరువులో ఏటేటా ఈ సంఖ్య దిగజారుతుంటే చేపలకు తిండి సరిపోవడం లేదని అనుమానించవచ్చు.

నగరంలోనే ఉన్న జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన, అంతరించిపోతున్న జీవుల సంరక్షణకు పనిచేసే లాకోన్స్ ప్రయోగశాల, నీటిలో జీవులు వదిలిన డీఎన్‌ఏ ఆధారంగా ఏయే జాతులున్నాయో గుర్తించే పద్ధతిని చిలికా సరస్సులో పరీక్షించింది. గుర్రపు డెక్క కింద దాగిన చేపల జాడను పట్టడానికి ఇది మంచి తోడు. ఎన్ని ఉన్నాయో, ఎంత పొడవున్నాయో మాత్రం వలే చెప్పాలి.

ఇక వేటాడే చేప విషయానికొస్తే, తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను ఆ పాత్రకు సరిపోతుంది. గాలి పీల్చగలదు కనుక మురుగు నీటిలోనూ నిలుస్తుంది; జిలేబీ పిల్లలను తింటుంది. జిలేబీలో పెద్దవి తగ్గి, సన్నబడిన చిన్నవి పెరుగుతున్నాయని వరుసగా రెండు శీతకాలాల కొలతలు చూపిస్తే, కొత్తగా బొచ్చె పిల్లలను కుమ్మరించే ముందు లాగుడు వలతో చిన్న జిలేబీలను తీసివేసి, కొర్రమీనును పెంచడం సబబు. దాన్ని పెంచడమంటే పిల్లలను వదలడం మాత్రమే కాదు. వానలు మొదలైన నెలల్లో గుడ్లు పెట్టి, తల్లీతండ్రీ పిల్లల గుంపుకు కాపలా కాస్తాయి. ఆ జంటను పట్టేస్తే గుంపు మొత్తం ఇతర చేపల పాలవుతుంది. మృగశిర కార్తె నాడు నగరమంతా చేపలు కొనే రోజులూ, కొర్రమీను సంతానోత్పత్తికి సిద్ధమయ్యే రోజులూ దాదాపు ఒకటే కాబట్టి, ఆ సమయంలో దాన్ని పట్టకుండా ఉండేందుకు మత్స్యకారుల సహకార సంఘాలతో ముందే మాట్లాడుకోవాలి. ఏ వలలో ఏ నెలలో ఎంత పడిందో రాసిపెట్టే పని కూడా వాళ్లకే అప్పగించి, దానికి తగిన కూలి ఇవ్వాలి.