ఏడీహెచ్‌డీ ఉన్నవారి బర్న్‌అవుట్: రాజీనామా పంపే ముందు (అపోహలు - వాస్తవాలు)

ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలపడం, పనులను క్రమంలో పెట్టుకోవడం చిన్నప్పటి నుంచీ కష్టంగా ఉండే స్థితి) ఉన్న ఉద్యోగులతో పనిచేసే క్లినికల్ సైకాలజిస్టుగా నేను పదే పదే వినే మాట ఒకటుంది: "ఉద్యోగం మానేసి కొన్నాళ్లు ఇంట్లో ఉంటాను మేడమ్, సహజంగానే కోలుకుంటాను." చాలామంది ఈ మాట నాతో అనే సమయానికే రాజీనామా పంపించి నోటీస్ పీరియడ్‌లో ఉంటారు. మా రంగంలో చలామణీ అవుతున్న అపోహలన్నింటిలోకీ మనుషులకు ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే కనుక దీని గురించే వివరంగా రాస్తాను. మిగిలినవి చివర్లో క్లుప్తంగా చెబుతాను.

అపోహ: పని మానేస్తే బర్న్‌అవుట్ దానంతటదే పోతుంది.

వాస్తవం: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11 బర్న్‌అవుట్‌ను వ్యాధిగా లెక్కించలేదు. పనిచోట చాలాకాలం సాగి, సరిగ్గా సంబాళించుకోలేకపోయిన ఒత్తిడి వల్ల శక్తి ఉడిగిపోయి, పని మీద విముఖత పెరిగి, సామర్థ్యం తగ్గే స్థితిగా దానిని వర్ణించింది. ఇది చదివినవారికి పని తీసేస్తే సమస్య తీరుతుందని తోచడంలో తప్పు లేదు. అయితే ఏడీహెచ్‌డీ ఉన్నవారి అలసట పనిగంటల నుంచి మాత్రమే రాదు. మీటింగులో ధ్యాస చెదరకుండా కూర్చోవడానికి, మరిచిపోయిన మెయిల్‌కు సంజాయిషీ ఇచ్చుకోవడానికి, వారం రోజుల పనిని గడువు ముందురాత్రి మేలుకుని ముగించడానికి, ఈ తంటా అంతా పక్క సీటువారికి తెలియకుండా దాచడానికి వారు రోజూ పడే శ్రమ ఏ టైమ్‌షీట్‌లోనూ నమోదు కాదు. ఇంట్లో కూర్చున్నా కరెంటు బిల్లు గడువు, గ్యాస్ బుకింగ్, పిల్లల స్కూలు ఫీజు, చేయవలసిన ఫోన్లు ఉంటూనే ఉంటాయి కాబట్టి ఆ శ్రమ రాజీనామాతో ఆగిపోదు.

అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఉద్యోగం మీద ఎంత విసుగున్నా, అది రోజుకు ఒక చట్రాన్ని ఇస్తుంది. ఉదయం మీటింగ్ ఉంది కనుక నిద్ర లేస్తారు, క్యాబ్ వస్తుంది కనుక స్నానం చేస్తారు, అందరూ లేచారు కనుక భోజనానికి వెళతారు. కాలం ఎంత గడిచిందో తనంతట తాను పసిగట్టడం కష్టమైన మెదడుకు ఈ బయటి ఆనవాళ్లే ఆధారం. అవన్నీ ఒకేసారి పోతే మొదట దెబ్బతినేది నిద్ర. ఏడీహెచ్‌డీ ఉన్న పెద్దవారిలో చాలామందికి రాత్రి నిద్రకు సిద్ధం చేసే హార్మోన్ మెలటోనిన్ విడుదల కావడమే ఆలస్యమవుతుంది. ఉదయం లేవవలసిన అవసరం కూడా లేనప్పుడు నిద్రవేళ అర్ధరాత్రి దాటి తెల్లవారుజాముకు జరుగుతుంది, పగటి వెలుగు కళ్లకు సోకదు, భోజనం వేళ తప్పుతుంది, ఫోన్ చేతిలోంచి కదలదు.

ఆ స్థితిలోకి వెళ్లిన ఒక యువకుడి తల్లి నన్ను అడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది: "రోజంతా ఇంట్లోనే ఉంటున్నాడు కదమ్మా, మేము ఏ పనీ చెప్పడం లేదు, మరి ఇంత నీరసమెందుకు?" ఆమె గొంతులో నింద లేదు, భయమే ఉంది. ఆ అబ్బాయి సొంతూరికి వెళ్లి కొన్ని నెలలు విశ్రాంతి తీసుకోవాలనుకున్నాడు. తీరా వెళ్లాక, ఈ ఖాళీలో నేర్చుకోవాలనుకున్న కోర్సులు మొదలుపెట్టలేదన్న సిగ్గు, వచ్చిపోయే బంధువుల ప్రశ్నలు, కరిగిపోతున్న పొదుపు కలిసి అతనిని మంచానికి అతుక్కునేలా చేశాయి. పెనం మీద నుంచి పొయ్యిలో పడడమంటే ఇదే. అమెరికాలో హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న మన పిల్లలకైతే ప్రమాదం ఇంకా పెద్దది. ఉద్యోగం పోయినా, తామే మానేసినా వారికి దొరికే వెసులుబాటు గరిష్ఠంగా 60 రోజులే, ఆ గడువు లోపల బర్న్‌అవుట్ నుంచి కోలుకుని కొత్త ఉద్యోగం కూడా వెతుక్కోవడం ఎవరికైనా కష్టం.

కనుక నేను చెప్పేది, చట్రాన్ని ఉంచుకుని భారాన్ని తగ్గించుకోమని. ఏడీహెచ్‌డీ పేరు చెప్పకుండానే మేనేజర్‌ను అడగగలిగినవి చాలా ఉన్నాయి: నోటితో చెప్పే పనులను రాతలో ఇవ్వమనడం, పెద్ద గడువును వారంవారం చిన్న గడువులుగా విడగొట్టమనడం, రాత్రి షిఫ్టు నుంచి మార్చమనడం. సెలవు అవసరమైతే తప్పక తీసుకోండి, కానీ తిరిగి చేరే తేదీ, రోజూ నిద్ర లేచే సమయం, ఇల్లు విడిచి వెళ్లే ఒక పని ముందే నిర్ణయించుకుని తీసుకోండి. ఎప్పుడు పడుకున్నా ఒకే వేళకు లేవడం, లేచిన వెంటనే ఎండ తగిలేలా నడవడం, మధ్యాహ్నం తరువాత కాఫీ, టీ మానడం రాత్రి నిద్ర మెల్లగా పెందలాడే వచ్చేలా చేస్తాయి. ఒళ్లు చెమర్చే వ్యాయామం చేసిన తరువాత కొంతసేపు ఏకాగ్రత మెరుగవుతుంది కాబట్టి, కష్టమైన పనిని దాని వెంటనే పెట్టుకోవడం మంచిది.

ఒంటరిగా చేయలేని పనికి పక్కన మనిషిని కూర్చోబెట్టుకోవడం కూడా చికిత్సలో భాగమే. నేను పీజీ చదివేటప్పుడు హాస్టల్‌లో నా గదిలో ఉన్న స్నేహితురాలు, "నువ్వేం చెప్పక్కర్లేదే, ఇక్కడ కూర్చో చాలు" అని నన్ను మంచం మీద కూర్చోబెట్టి థీసిస్ రాసుకునేది. అది ఆమె గారాబమని అప్పట్లో అనుకున్నాను, ఇప్పుడు నేను అదే పద్ధతిని క్లయింట్లకు సూచిస్తున్నాను. భార్య కూరగాయలు తరుగుతుంటే భర్త అదే బల్ల దగ్గర కూర్చుని బిల్లులు కట్టిన ఇళ్లు నాకు తెలుసు.

మనిషిని అవమానించే కార్యాలయం నుంచి బయటికి రావలసిందే, అందులో సందేహం లేదు. అయినా తరువాతి నెల రోజులు ఎలా గడుస్తాయో కాగితం మీద రాసుకున్నాకే రాజీనామా పంపండి.

అపోహ: సహజంగా కోలుకోవాలంటే మందులు ఆపేయాలి.

వాస్తవం: నిద్ర, నడక, దినచర్య మందులకు పోటీ కావు, రెండూ కలిసి పనిచేస్తాయి. మందు వల్ల ఆకలి తగ్గినా, సాయంత్రానికి చిరాకు వచ్చినా మోతాదు గురించి సైకియాట్రిస్టుతో మాట్లాడాలి. బర్న్‌అవుట్ మధ్యలో సొంతంగా ఆపేస్తే పాత లక్షణాలన్నీ అతి బలహీనమైన సమయంలో తిరిగి వచ్చి పడతాయి.

అపోహ: అశ్వగంధ సహజమైనది కనుక ఎవరైనా వాడవచ్చు.

వాస్తవం: అది థైరాయిడ్ హార్మోన్లను పెంచవచ్చు, అరుదుగా కాలేయానికి హాని చేసిన సందర్భాలు కూడా నమోదయ్యాయి. వాట్సాప్‌లో వచ్చిన సలహా మీద మొదలుపెట్టకండి. వాడుతూ ఉంటే డాక్టరుకు చెప్పండి.

అపోహ: బాగా చదివినవారికి ఏడీహెచ్‌డీ ఉండదు.

వాస్తవం: ఉంటుంది. లక్షణాలు 12 ఏళ్ల లోపే మొదలైనా, తెలివితేటలు, ఇంట్లోవారి పర్యవేక్షణ, హాస్టల్ క్రమశిక్షణ వాటిని ఏళ్ల తరబడి కప్పి ఉంచగలవు.

అపోహ: ఏడీహెచ్‌డీ ఉంది కనుక ఈ అలసటంతా దానిదే.

వాస్తవం: థైరాయిడ్ లోపం, రక్తహీనత, బీ12 లోపం, గురకతో పాటు నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం (స్లీప్ అప్నియా) కూడా ఇలాగే కనిపిస్తాయి, ముఖ్యంగా శాకాహారులు బీ12 పరీక్ష వాయిదా వేయకూడదు. ఇదివరకు ఇష్టమైన పని కూడా రుచించకపోవడం రెండు వారాలు దాటితే డిప్రెషన్ ఉందేమో చూపించుకోవాలి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగవద్దు. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.