షేక్‌స్పియర్ దగ్గర తెలిసిన మాటలతోనే చిక్కు

ఎం.ఏ. ఇంగ్లిష్ విద్యార్థులకు ఏళ్లుగా షేక్‌స్పియర్ నాటకాలు చెబుతున్నాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: అది ఓల్డ్ ఇంగ్లిష్.
వాస్తవం: కాదు. ఓల్డ్ ఇంగ్లిష్ కాలం సుమారు 1150తోనే ముగిసింది. షేక్‌స్పియర్ (1564–1616) రాసింది తొలి ఆధునిక ఇంగ్లిష్.

అపోహ: తెలియని మాటలకు డిక్షనరీ చూసుకుంటే చాలు.
వాస్తవం: తెలియని మాట దగ్గర ఎలాగూ ఆగుతాం. తెలుసనుకున్న మాట దగ్గరే బోల్తా పడతాం. ‘హామ్లెట్’ నాటకంలో తండ్రి ప్రేతం రమ్మని సైగ చేస్తుంటే హామ్లెట్‌ను మిత్రులు పట్టుకుని ఆపుతారు. నన్ను ‘లెట్’ చేసేవాణ్ణి దెయ్యాన్ని చేసేస్తానంటాడతను. వెళ్లనిచ్చేవాణ్ణి చంపడమేమిటని క్లాసంతా తెల్లబోతుంది. అక్కడ లెట్ అంటే అడ్డుకోవడం! ఆ మాట అర్థం తలకిందులైందనుకోకండి. ‘పోనివ్వు’, ‘అడ్డుకో’ అనే రెండు వేర్వేరు పాత క్రియలు కాలక్రమంలో ఒకే రూపంలోకి వచ్చాయి. రెండోది వాడుకలో దాదాపు లేదు. మీ పాస్‌పోర్టు తెరిచి చూడండి, రాష్ట్రపతి పేరిట ఉన్న వాక్యంలో ‘వితౌట్ లెట్ ఆర్ హిండ్రన్స్’ అని ఉంటుంది. ఈ లెట్ అదే. పాస్‌పోర్టు చూపించాక ఈ మాట మరిచిపోయిన విద్యార్థిని నేనింతవరకూ చూడలేదు.

అదే నాటకంలో ‘రైవల్స్’ అంటే ప్రత్యర్థులు కారు, తోటి కాపలావాళ్లు. ‘ప్రెజెంట్లీ’ అంటే వెంటనే.

అపోహ: ‘వేర్‌ఫోర్ ఆర్ట్ దౌ రోమియో’ అంటూ జూలియెట్ రోమియో ఎక్కడున్నాడో వెతుకుతోంది.
వాస్తవం: వేర్‌ఫోర్ అంటే ‘ఎందుకు’. పగవాళ్ల ఇంటి పేరున్న రోమియోవే ఎందుకయ్యావని ఆమె బాధ. అందుకే వెంటనే ఆ పేరు వదిలెయ్యమంటుంది. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి చీకట్లోకి చూసే నటన ఆ బాధను మింగేస్తుంది.

అపోహ: మాటలకు అర్థం మారడం ఇంగ్లిష్‌కే ఉన్న జబ్బు.
వాస్తవం: మన ‘కంపు’ ఒకప్పుడు పరిమళమే. ‘చీర’ మగవాళ్లూ కట్టిన బట్టే.

అపోహ: ‘దౌ’ గౌరవవాచకం, ప్రార్థనల్లో వాడతారు కదా.
వాస్తవం: అది ‘నువ్వు’. దేవుణ్ణి మనమూ నువ్వనే అంటాం. ఈ తేడా తెలుగువాళ్లకు ఇట్టే తెలుస్తుంది. తల్లి గెర్ట్రూడ్ హామ్లెట్‌తో, నువ్వు మీ తండ్రిని నొప్పించావంటుంది, మారుతండ్రిని ఉద్దేశించి. ‘అమ్మా, మీరు నా తండ్రిని నొప్పించారు’ అంటాడతను, చనిపోయిన తండ్రిని తలచుకుని. ‘దౌ’కు ‘యూ’తో జవాబు. కొడుకు ఎంత దూరం జరిగాడో ఆ ఒక్క మాటలోనే ఉంది. ఇద్దరిచేతా ‘నువ్వు’ అనిపిస్తే తెలుగు అనువాదంలో ఆ దెబ్బ తగలదు.