32 కిలోమీటర్లు నడిచిన కాళ్ళకు వీధి చివర ఎందుకు దూరం?

ఆషాఢ శుద్ధ చతుర్దశి మధ్యాహ్నం దాటితే విశాఖపట్నంలో చాలా దారులు కాలినడక వారివే అవుతాయి. సింహాచలం కొండ దిగువన తొలి పావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరిన జనం అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా అప్పుఘర్ చేరి, వెంకోజీపాలెం, మాధవధార, గోపాలపట్నం చుట్టి, మళ్ళీ కొండ దగ్గరికి వచ్చేసరికి 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ పూర్తవుతుంది. చాలామంది చెప్పులు లేకుండా నడుస్తారు. వాన పడినా ఆగరు. అలా నడిచిన మనిషే మరుసటి వారం వీధి చివరి కొట్టులో పాల ప్యాకెట్టు తేవడానికి స్కూటర్ తీస్తాడు. ఆ మనిషిని నేనెరుగుదును, ఎందుకంటే కొన్నేళ్ళపాటు ఆ మనిషిని నేనే.

రాత్రంతా నడిచిన వాడికి మనోబలం లేదని అనలేము. కాళ్ళలో శక్తి లేదనీ అనలేము. మరి రోజూ రెండు కిలోమీటర్లు నడవడం, రెండు పేజీలు చదవడం ఎందుకంత కష్టమవుతుంది? పుస్తక ప్రదర్శనలో సంచి నిండా కొన్న పుస్తకాలు అట్ట విప్పకుండానే అలమరలోకి వెళ్ళడం కూడా ఈ కోవలోనిదే.

దీనికి మనం పెట్టుకున్న పేరు ఆరంభశూరత్వం. అది ఆంధ్రుల ప్రత్యేక లక్షణమని మనల్ని మనమే ఎత్తిపొడుచుకోవడం కూడా ఆనవాయితీ. అయితే 2014లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక వ్యాయామశాల హాజరు లెక్కలను పరిశీలించినప్పుడు, వారం మొదట్లో, నెల మొదట్లో, కొత్త సంవత్సరంలో, పుట్టినరోజు దాటిన తరువాత వచ్చేవారి సంఖ్య పెరుగుతున్నట్టు తేలింది. మనకు ఉగాది, వారికి జనవరి ఒకటి, అంతే తేడా. కాలంలో ఒక గీత కనబడగానే మనిషి తన పాత వైఫల్యాలను గీతకు అవతల వదిలేసినట్టు భావిస్తాడు. అందువల్ల ఆరంభించడం సులభమవుతుంది. రెండో వారం గురించి మాత్రం ఆ గీత ఏమీ చేయలేదు.

రెండో వారంలో ఏం జరుగుతుందో అర్థం కావాలంటే డోపమైన్ గురించి కొంత తెలియాలి. ఈ పదార్థం మెదడులో సందేశవాహకంగా పనిచేస్తుందని 1950లలో కనుగొన్న స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతి లభించింది. దీన్ని ఆనంద రసాయనం అని పిలవడం ఇప్పుడు పత్రికల్లోనూ ఫోన్లలోనూ మామూలైంది గానీ, ఆ మాట సగమే నిజం. డోపమైన్ దాదాపు పూర్తిగా తొలగించిన ఎలుకల నోట్లో చక్కెర నీళ్ళు వేస్తే అవి ఇష్టంగానే చప్పరించాయని, కాని ఎదురుగా ఉన్న ఆహారం దగ్గరికి మాత్రం కదలలేదని మెదడు శాస్త్రవేత్త కెంట్ బెరిడ్జ్ పరిశోధనల్లో తేలింది. అంటే రుచి పోలేదు; రుచి కోసం లేచే గుణం పోయింది. జాన్ సాలమోన్ జరిపిన ప్రయోగాలు మరింత ఆసక్తికరమైనవి. మీట నొక్కితే మంచి తిండి వస్తుంది, పక్కనే మామూలు తిండి ఊరికే దొరుకుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఎలుకలు శ్రమపడి మీట నొక్కాయి. మెదడులో ఒక భాగంలో డోపమైన్ తగ్గించినవి పక్కనున్న దానితో సరిపెట్టుకున్నాయి. రెండు వీధుల అవతల వేడివేడి ఇడ్లీ ఉందని తెలిసీ డబ్బాలోని బిస్కెట్టుతో పొద్దు పుచ్చే మన ఆదివారాలు నాకు ఇక్కడ గుర్తొస్తాయి. శ్రమకు తగిన ఫలితం ఉందా లేదా అని బేరం వేసే వ్యవస్థలో డోపమైన్ ఒక ముఖ్య భాగం.

ఈ బేరంలో అంచనాలదే పెద్ద పాత్ర. వోల్ఫ్రామ్ షుల్ట్జ్ కోతులకు పళ్ళరసం ఇస్తూ వాటి డోపమైన్ కణాల స్పందనను నమోదు చేశాడు. అనుకోకుండా రసం దొరికితే ఆ కణాలు చురుకుగా స్పందించాయి. దీపం వెలిగాక రసం వస్తుందని అలవాటయ్యాక, స్పందన రసం నుంచి దీపానికి మారింది. దీపం వెలిగినా రసం రాకపోతే, సరిగ్గా అది రావలసిన క్షణంలో కణాల చురుకుదనం మామూలు కంటే తగ్గిపోయింది. మొదటి వారంలోనే నడుము సన్నబడుతుందని, మనసు తేలికవుతుందని అనుకుని బీచ్ రోడ్డు మీద పరుగు మొదలుపెట్టిన వాడికి దొరికేది పిక్కల నొప్పి. వాడు సోమరి కాదు. వెలిగిన దీపం పెద్దది, దొరికిన రసం చిన్నది.

కోరిక పుట్టాకే పని చేద్దామని ఎదురుచూడటం వల్ల మనం ఎక్కువగా నష్టపోతాము. మానసిక కుంగుబాటుకు చికిత్స చేసేవారు ఈ క్రమాన్ని చాలాకాలం కిందటే తిరగేశారు. ఉత్సాహం లేకపోయినా సరే, ముందుగా అనుకున్న వేళకు చిన్న పని ఒకటి చేయించడం, దాని వెనుక ఉత్సాహం రావడాన్ని గమనింపజేయడం 1970ల నుంచి ఒక చికిత్సా పద్ధతిగా ఉంది. 1996లో నీల్ జేకబ్సన్ బృందం పరీక్షించినప్పుడు, ఆలోచనలను సరిదిద్దే సంపూర్ణ చికిత్సకు ఏమాత్రం తీసిపోకుండా అందులో ఒక భాగమైన ఈ పద్ధతి ఒక్కటే పనిచేసింది. తీవ్రమైన కుంగుబాటుకు వైద్యుడు అవసరం. అది వేరే సంగతి. ఆరోగ్యవంతుల బద్ధకానికి కూడా ఈ క్రమం వర్తిస్తుందని నా అభిప్రాయం.

అయితే ఆ చిన్న పనిని రోజూ ఎవరు చేయిస్తారు? ఇక్కడ అయ్యప్ప దీక్షను చూడండి. రెండు గంటలు సిగరెట్టు లేకుండా ఉండలేని మనిషి మాల వేసుకోగానే 41 రోజులు దాని జోలికి పోడు. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం చేస్తాడు, నేల మీద పడుకుంటాడు. భక్తి కారణమన్నది నిజమే, కాని భక్తి మాల తీసిన మరునాడు కూడా ఉంటుంది కదా. చాలామందికి సిగరెట్టు మాత్రం ఆనాడే తిరిగి వస్తుంది. దీక్షలో మారినవి దుస్తులు, పిలుపు, లేచే వేళ, తిరిగే తోడు. పాత అలవాటును తట్టిలేపే గుర్తులన్నీ ఒక్కసారిగా కనుమరుగయ్యాయి. వియత్నాం యుద్ధంలో హెరాయిన్‌కు బానిసలైన అమెరికా సైనికులను 1970లలో పరిశీలించిన లీ రాబిన్స్, ఇంటికి తిరిగి వచ్చిన మొదటి ఏడాదిలో మళ్ళీ బానిసలైనవారు ఇంచుమించు 5 శాతమేనని చూపినప్పుడు చాలామంది నమ్మలేదు. చోటు మారితే అలవాటు పట్టు సడలుతుంది. పాత చోటికి వస్తే తిరిగి బిగుస్తుంది.

అలవాటు బిగుసుకోవడంలో మెదడు లోతుల్లోని స్ట్రయేటం అనే భాగం కీలకం. ఎలుకలు ఒక దారిని నేర్చుకునే తొలిరోజుల్లో అక్కడి కణాలు దారి పొడవునా స్పందిస్తాయని, బాగా అలవాటయ్యాక మొదట్లోనూ చివర్లోనూ మాత్రమే గట్టిగా స్పందిస్తాయని యాన్ గ్రేబియల్ ప్రయోగశాల చూపింది. అడుగులన్నీ కలిసి ఒక మూటగా మారతాయి, మూట కొస పట్టుకుంటే చాలు. ఆ మూట కట్టడానికి 21 రోజులు చాలునన్న మాట బాగా ప్రచారంలో ఉంది. అది 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్, కొత్త ముఖానికి అలవాటు పడటానికి తన రోగులకు కనీసం అంత కాలం పడుతోందని రాసిన పరిశీలన నుంచి పుట్టింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన ఫలితాల ప్రకారం అలవాటు కుదరడానికి పట్టిన కాలానికి మధ్యస్థ విలువ 66 రోజులు. ఒకరికి 18 రోజులు చాలితే, మరొకరికి 254 పడుతుందని అంచనా వేశారు. మంచినీళ్ళు తాగడం త్వరగా అలవడింది, వ్యాయామం ఆలస్యంగా అలవడింది. మధ్యలో ఒక రోజు తప్పినందువల్ల చెప్పుకోదగ్గ నష్టమేమీ కనిపించలేదు. తుఫాను హెచ్చరికలు వచ్చే అక్టోబరు, నవంబరు నెలల్లో ఈ వాక్యాన్ని నేను చాలాసార్లు గుర్తు చేసుకుంటాను.

పరుగు విషయంలో విశాఖకు సొంత ఇబ్బందులున్నాయి. 60 కిలోల మనిషి 5 కిలోమీటర్లు పరుగెత్తితే సుమారు 300 కిలోకేలరీలు ఖర్చవుతాయి. అందులో మూడొంతులకు పైగా వేడిగా మారుతుంది. ఆ వేడిని చెమట ఆవిరై తీసుకుపోవాలి. లీటరు చెమట ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీల వేడి పోతుంది, కాబట్టి అర లీటరు లోపే సరిపోవాలి. కాని మన గాలిలో తేమ ఎక్కువ. ఉక్కపోత రోజున చెమట ఆవిరి కాకుండా చుక్కలుగా నేల మీద పడుతుంది, పడిన చుక్క ఒంటిని చల్లబరచదు. గుండె మరింత వేగంగా కొట్టుకోవలసి వస్తుంది. ఏప్రిల్‌లో మొదలుపెట్టి తనకు దమ్ము లేదనుకునే వాడు నిజానికి వాతావరణంతో పోట్లాడుతున్నాడు. ఇసుక సంగతి చూస్తే, పొడి ఇసుకలో పరుగుకు గట్టి నేల మీద కంటే సుమారు 1.6 రెట్లు, నడకకు రెండు రెట్లకు పైగా శక్తి కావాలని బెల్జియం శాస్త్రవేత్తలు 1998లో కొలిచి చూపారు. కొత్తవారు బీచ్‌లో ప్రదర్శనకు ఉంచిన కురుసుర జలాంతర్గామి పక్కన ఇసుకలోకి దిగకుండా రోడ్డు మీదే ఉండటం మేలు. ఉదయం పూట బీచ్ రోడ్డు మీద కోస్టల్ బ్యాటరీ నుంచి పార్క్ హోటల్ వైపు వాహనాలను ఆపే ఏర్పాటు నడిచేవారికి పెద్ద వరం. వేగానికి సులువైన కొలత కూడా ఉంది: పరుగెత్తుతూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి.

పరుగు తరువాత కలిగే హాయికి, ఒంట్లోనే పుట్టి నొప్పిని తగ్గించే ఎండోర్ఫిన్‌లే కారణమని ఎక్కువగా వింటాము. రక్తంలోని ఎండోర్ఫిన్‌లు మెదడు చుట్టూ ఉన్న అడ్డుగోడను సులభంగా దాటలేవు. 2015లో జర్మనీలో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, ఎండోర్ఫిన్‌ల పనిని అడ్డుకున్నా పరుగు తరువాతి నెమ్మది పోలేదు. ఎండోకన్నబినాయిడ్‌లు అనే మరో రసాయనాల కుటుంబాన్ని అడ్డుకుంటే పోయింది. ఆ కుటుంబంలో మొదట దొరికిన పదార్థానికి 1992లో ఇజ్రాయెల్‌లోని రాఫెల్ మెషూలం బృందం పెట్టిన పేరు ఆనందమైడ్. అందులోని ఆనందం మన ఆనందమే, సంస్కృతం నుంచి తీసుకున్నదే.

పుస్తకానికి ఇలాంటి సహాయం లేదు. చదువు మనిషికి సహజంగా వచ్చినది కాదు. లిపి వయసు సుమారు ఐదువేల ఏళ్ళే. చూపు కోసం, మాట కోసం ఏర్పడిన భాగాలను మెదడు చదువుకు మళ్ళించుకుంటుంది. లక్నో సమీప గ్రామాల్లో అక్షరం రాని పెద్దలకు ఆరు నెలలు దేవనాగరి నేర్పినప్పుడు, మెదడు లోతుల్లోని భాగాల మధ్య సమన్వయం కూడా మారిందని 2017లో ప్రచురితమైంది. వయసు మీరినా మెదడు ఈ పనికి లొంగుతుందన్నమాట. కాని కథ పట్టు చిక్కడానికి ఇరవై పేజీలు పడుతుంది, ఫోన్‌లో వీడియోకు రెండు సెకన్లు చాలు. సాలమోన్ ఎలుకల బేరం ఇక్కడ మళ్ళీ ఎదురవుతుంది. కాబట్టి ఫోన్‌ను పక్క గదిలో పెట్టి, పుస్తకాన్ని తలగడ దగ్గర తెరిచి ఉంచడం మనోబలం మీద ఉపన్యాసం కంటే ఎక్కువ పనిచేస్తుంది. నాకైతే ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కుర్చీ ఆ పని చేసింది, చుట్టూ పదిమంది తలలు వంచి చదువుతుంటే మన తల కూడా దానంతటదే వంగుతుంది.

పరుగును, పుస్తకాన్ని ఒక్క తాటికి కట్టిన ప్రయోగం కూడా ఉంది. కేథరిన్ మిల్క్‌మన్ బృందం ఉత్కంఠభరితమైన నవలల ఆడియోను వ్యాయామశాలలోనే వినగలిగేలా ఏర్పాటు చేసింది. తరువాయి కథ కావాలంటే వ్యాయామశాలకు రావాలి. మొదట్లో ఇలా కథ విన్నవారి హాజరు ఇతరుల కంటే 51 శాతం ఎక్కువగా ఉంది. నవంబరు చివర సెలవులు వచ్చాయి, వ్యాయామశాల మూతపడింది, తిరిగి తెరిచేసరికి ఆ లాభం చాలావరకు కరిగిపోయింది.

మన సెలవులు సంక్రాంతికి వస్తాయి. ఊరి నుంచి తిరిగి వచ్చేసరికి బూట్లు మంచం కింద, పుస్తకం సంచి అడుగున ఉంటాయి, అరిసెలు ఒంట్లో ఉంటాయి. జనవరిలో విశాఖలో ఆరున్నర ప్రాంతంలో సూర్యుడు సముద్రం మీదికి వస్తాడు. ఆ వెలుతురు కంట్లోని ప్రత్యేక కణాల ద్వారా ఒంటి గడియారాన్ని సరిచేస్తుంది కాబట్టి ఆ వేళకు బయట ఉండటమే మొదటి రోజు పని. నేను కోస్టల్ బ్యాటరీ దాకా నడిచి, రెండు పేజీలు చదివి, వెనక్కి తిరుగుతాను. పరుగు మూడో రోజుకు.