నాయనమ్మ కాపలా కాసిన గూడు

విశాఖపట్నం,
ఆదివారం సాయంత్రం.

చిరంజీవులు బుజ్జికీ చంటికీ తాతయ్య ఆశీస్సులు.

బుజ్జీ, నిన్న ఫోనులో నువ్వడిగిన ప్రశ్న రాత్రంతా నాతోనే ఉంది. "తాతయ్యా, రెండు ప్రోగ్రాములు రాశాను. మొదటిది ఒక మాట పంపి ఆగిపోయింది. నేను అన్నం తిని వచ్చి రెండోదాన్ని నడిపితే ఆ మాట దానికి అందింది. పంపినదే లేదు కదా, మాట అంతసేపూ ఎక్కడుంది?" అన్నావు. ముప్ఫై ఏళ్ళు కంప్యూటర్ల మధ్య బతికినవాణ్ణి, "కెర్నల్ దగ్గర", అంటే ప్రోగ్రాములన్నిటినీ అదుపులో నడిపే మూల ప్రోగ్రాము దగ్గర, అని ఒక్క ముక్కలో చెప్పేయవచ్చు. కానీ ఫోను పెట్టగానే నాకు మా పాత ఇంటి గోడలోని గూడు గుర్తొచ్చింది. ఇక ఒక్క ముక్కతో ఊరుకోలేను.

అప్పట్లో మేము పాత పోస్టాఫీసు దగ్గర పెంకుటింట్లో ఉండేవాళ్ళం. మా నాన్న పోర్టులో, ఓడలకు ఇనుప ఖనిజం ఎక్కించే చోట పని. మూడు షిఫ్టులు. రాత్రి పనికి వెళ్ళిన వారమంతా ఆయన ఇల్లు చేరేసరికి నేను బడిలో ఉండేవాణ్ణి. నేను వచ్చేసరికి ఆయన గదిలో నిద్ర. ఒకే కప్పు కింద ఉంటూ మాట్లాడుకునే వీలు లేదు. అందుకని చీటీలు రాసుకునేవాళ్ళం. నడవ గోడలో దీపం పెట్టే గూడు ఒకటి ఉండేది. కరెంటు వచ్చాక దానికి పని పోయింది. చీటీలన్నీ అందులోనే. సముద్రపు గాలికి అవి ఎప్పుడూ కాస్త చెమ్మగా ఉండేవి. నాన్న రాసినవైతే అంచుల మీద ఎర్రటి వేలిముద్రలు.

ఆ గూటికి అధికారి మా నాయనమ్మ. మేమెవరం గూట్లో చెయ్యి పెట్టకూడదు. ఇవ్వాలన్నా, తీసుకోవాలన్నా ఆమె చేతుల మీదుగానే. కంప్యూటర్లో కెర్నల్ అంటే మా నాయనమ్మే అనుకో. ప్రతి ప్రోగ్రాముకూ తనదైన జ్ఞాపకం ఉంటుంది. ఒకదానిలోకి ఇంకొకటి తొంగిచూడడానికి వీల్లేదు. పొరుగింటి వంటగదిలోకి మనం వెళ్ళం కదా, అలాగే. మాట చేరవేయాలంటే నడవలోకి వచ్చి నాయనమ్మకు ఇవ్వాలి. ఇచ్చినవాడు తలుపేసుకుని పడుకున్నా, ఊరే వెళ్ళిపోయినా చీటీ ఆమె దగ్గర భద్రం. నీ మొదటి ప్రోగ్రాము ఆగిపోయినా మాట బతికి ఉండడానికి కారణం అదే. ఒక్క తేడా ఉంది. కెర్నల్ మన చీటీకి నకలు రాసి తన దగ్గర పెట్టుకుంటుంది. నాయనమ్మకు రాయడం రాదు, కాబట్టి ఇక్కడ నా పోలిక కాస్త కుంటుతుంది. పోనీ.

రాయడమే కాదు, ఆమెకు చదవడం కూడా రాదు. ఆ ఏర్పాటులోని గొప్పంతా అక్కడే ఉంది. చీటీలో ఏముందో ఆమెకు అక్కర్లేదు. మరి ఎవరిది ఎవరికో ఎలా తెలుస్తుంది? మడతను బట్టి. నాన్నకైతే నలుచదరంగా, బాబాయికైతే మూడు మూలలుగా, అమ్మకైతే చుట్టచుట్టి ఇవ్వాలి. కంప్యూటర్లో ప్రోగ్రాముల చీటీలుండే గూటిని మెసేజ్ క్యూ అంటారు. అందులో ఈ మడతకు బదులు ఒక్కో చీటీకి ఒక అంకె ఉంటుంది. టైపు అంటారు. తీసుకునే ప్రోగ్రాము "రెండు అనే అంకె ఉన్నవి ఇవ్వు" అంటే వాటిలో ముందొచ్చినది చేతికొస్తుంది. సున్నా అంటే ఏ మడతైనా సరే, అన్నిటికంటే ముందు వచ్చినది. అంకెకు ముందు రుణగుర్తు పెట్టి అడిగితే ఆ అంకె దాకా ఉన్నవాటిలో అన్నిటికంటే చిన్న అంకెది. ఇది కంప్యూటర్ని నడిపే సిస్టమ్ ఫైవ్ యూనిక్స్ అనే వ్యవస్థ పద్ధతి, 1983 నాటిది. తరువాత వచ్చిన పోసిక్స్ అనే ప్రమాణం పద్ధతిలో పెద్ద అంకెది ముందు. ఎందుకిలా తిరగేశారని నన్నడగవద్దు. ఒకరు తీసుకున్న చీటీ గూట్లో ఇక ఉండదు, రెండోవారికి దొరకదు. అది మాత్రం రెండిట్లోనూ ఒకటే.

గూడు చిన్నది. నిండిందంటే నాయనమ్మ చెయ్యి అడ్డం పెట్టేది: "ఒకటి ఖాళీ అయ్యేదాకా అరుగు మీద కూర్చో." కంప్యూటర్లోనూ అంతే, పంపేవాణ్ణి నిద్రపుచ్చి, చోటు దొరకగానే లేపుతుంది. గూడు ఖాళీగా ఉంటే తీసుకోవడానికి వచ్చినవాడికీ అదే నిద్ర. "నేను ఆగలేను, ఉందో లేదో ఇప్పుడే చెప్పు" అని ముందే అంటే లేదని చెప్పి పంపేస్తుంది. యూనిక్స్ బాటలోనే వచ్చిన లినక్స్‌లో మామూలుగా ఒక్కో చీటీ 8192 బైట్లు (బైటు అంటే కంప్యూటర్ జ్ఞాపకానికి కొలత) మించకూడదు, గూడంతా కలిపి 16384. అక్షరాలను కంప్యూటర్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు పడతాయి. అంటే ఒక చీటీలో సుమారు 2,730 గుర్తులు. ఈ ఉత్తరం ఒక చీటీలో పట్టదు. మీ బామ్మకు ఈ సంగతి చెప్పకండి, నా వాగుడుకు కెర్నల్ సాక్ష్యం దొరికిందంటుంది.

ఒకసారి అమ్మకూ నాన్నకూ మాట పట్టింపు వచ్చింది. ఆయన రాస్తే నేను రాస్తానని అమ్మ, ఆవిడ రాస్తే చూద్దామని నాన్న. నాలుగు రోజులు గూడు ఖాళీ, ఇద్దరూ ఎదురుచూపు. రెండు ప్రోగ్రాములు ఒకదాని మాట కోసం ఒకటి కాచుకుని ఎంతకీ కదలకపోవడాన్ని డెడ్‌లాక్ అంటారు. నాయనమ్మ అందులో కలగజేసుకోలేదు. కెర్నల్ కూడా కలగజేసుకోదు, తగువు తీర్చడం తన పని కాదనుకుంటుంది. చివరికి నేనే ఒక చీటీ నలుచదరంగా, ఒకటి చుట్టచుట్టి రెండూ ఇచ్చాను. రెండిట్లోనూ "బజ్జీలు తింటారా" అనే ఉంది. దొంగ చీటీలు రాయడం తప్పే పిల్లలూ, మీరు చేయకండి. కానీ ఆ రోజు బజ్జీలు బాగున్నాయి.

ఆ ఇల్లు అమ్మేటప్పుడు సున్నం గీకుతున్న మనిషి గూటి మూలలోంచి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. మూడు మూలల మడత. "బాబాయ్, వచ్చేటప్పుడు గాలిపటం దారం తే." నా రాతే. బాబాయి అంతకుముందే ఓడ ఉద్యోగానికి బొంబాయి వెళ్ళిపోయాడు. నాయనమ్మ ఆ చీటీని పారేయలేదు. మడత గుర్తుపట్టి, వచ్చి అడుగుతాడని ఉంచింది.

బుజ్జీ, కంప్యూటర్లోనూ ఇలాంటివి మిగిలిపోతాయి. తీసుకునే ప్రోగ్రాము రాకపోయినా, ఎవరైనా తొలగించేదాకా క్యూ అలాగే ఉంటుంది. కంప్యూటర్ ఆపేస్తే మాత్రం గోడతో సహా గూడు పోతుంది. కాబట్టి దాన్ని ఆపకముందే టెర్మినల్, అంటే ఆజ్ఞలు టైపు చేసే కిటికీ, తెరిచి ఐపీసీఎస్ అని కొట్టు, ఒక ఖాళీ వదిలి అడ్డగీత, దాని పక్కన క్యూ అక్షరం, అక్షరాలన్నీ ఇంగ్లీషు చిన్నవే: ipcs -q. ఏ క్యూ ఎవరిదో, అందులో ఎన్ని చీటీలున్నాయో, ఎన్ని బైట్లో వరసగా కనబడతాయి. లోపల రాసింది మాత్రం చూపించదు. తుడిచేయడానికి ఐపీసీఆర్ఎం ఉంది, దాని జోలికి ఇప్పుడే వెళ్ళకు. ముందు చంటి చేత అంకెలు పైకి చదివించి, ఎన్ని చీటీలున్నాయో నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య