హ్యారీ పాటర్: పిల్లల ఆత్రం, పెద్దల భయం - అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో ఒక స్కూల్ లైబ్రరీ చూసుకుంటాను. మంత్రవిద్య నేర్పే స్కూల్లో చదివే అబ్బాయి గురించి జె.కె. రోలింగ్ రాసిన హ్యారీ పాటర్ ఏడు పుస్తకాలనూ టీవీ సిరీస్‌గా తీస్తామని 2023లో అమెరికన్ టీవీ సంస్థ హెచ్‌బీఓ ప్రకటించిన దగ్గర్నుంచీ మా దగ్గర ఆ షెల్ఫ్ నిలవడం లేదు. మొదటి భాగం కోసం పిల్లలు రిజిస్టర్‌లో పేర్లు రాయించుకుని వంతు కోసం చూస్తున్నారు. పేరెంట్స్ మీటింగ్‌లో పాత ప్రశ్నలు కూడా మళ్లీ మొదలయ్యాయి. "మేడమ్, ఇది మంత్రాల పుస్తకం కదా, స్కూల్లో ఎందుకు పెట్టారు?"

ఇలా అడిగేవాళ్లంటే నాకు గౌరవం. పిల్లవాడు ఏం చదువుతున్నాడో పట్టించుకునే తల్లిదండ్రులు లైబ్రేరియన్‌కి పెద్ద అండ. కాకపోతే చాలామంది పుస్తకం తెరవకుండానే, ఫోన్‌కి వచ్చిన మెసేజ్ చదివి భయపడి వస్తారు. వాళ్లకు విడివిడిగా చెప్పే మాటలే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. కథలో ముందు జరిగేవి కొన్ని చెప్పక తప్పదు. ఇంకా చదవని పిల్లలకు ఇది చూపించకండి.

అపోహ: ఇవి చదివితే పిల్లలు చేతబడి వైపు వెళ్తారు.

వాస్తవం చెప్పే ముందు ఒక మాట. మన దగ్గర ఈ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. బాణామతి చేశారన్న అనుమానంతో తెలంగాణ పల్లెల్లో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మనం పేపర్లో చదివాం. ఊరి నుంచి వచ్చిన ఒక తల్లి 'మంత్రం' అనే మాట వినగానే ఉలిక్కిపడితే, అది ఆమె చూసిన జీవితంలోంచి వచ్చిన భయం.

కానీ ఈ పుస్తకాల్లో ఉన్న మాయ ఆ తరహాది కాదు. ఇందులో మంత్రశక్తి పుట్టుకతో ఉంటుంది, లేకపోతే లేదు. ఎవరినీ ఉపాసించి తెచ్చుకునేది కాదు. శక్తి కోసం ఏ దేవతనూ, ఏ దెయ్యాన్నీ పిలవరు. వింగార్డియం లెవియోసా లాంటివి లాటిన్ ధ్వనితో రచయిత్రి అల్లిన మాటలు. పిల్లలు మా వరండాలో పెన్సిల్ ఊపుతూ అవే అరుస్తుంటారు, ఆ వెంటనే బెల్ కొడితే లెక్కల క్లాసుకి పరుగెడతారు. జోస్యం చెప్పే టీచరంటే కథలో తెలివైన పాత్రలకు నమ్మకం లేదు. మూడో భాగంలో హ్యారీ స్నేహితురాలు హెర్మయనీ ఆ క్లాసులోంచి లేచి వెళ్లిపోతుంది కూడా.

రక్తంతో, ఎముకతో చేసే ఒక భయంకరమైన క్రతువు నాలుగో భాగం చివర్లో శ్మశానంలో వస్తుంది. అది దాచి చెప్పడం నాకు ఇష్టం ఉండదు. దాన్ని చేయించుకునేది ప్రతినాయకుడు వోల్డెమార్ట్. అది చదివిన ఏ పిల్లవాడికీ అలా చేయాలనిపించదు, ఒళ్లు జలదరిస్తుంది.

ఇక ఆ మెసేజ్‌ల సంగతి. "హ్యారీ పాటర్ చదివి వేలమంది పిల్లలు సాతాను పూజల్లో చేరారు" అనే మాట మీకూ వచ్చే ఉంటుంది. దీని మూలాల్లో ఒకటి నాకు తెలుసు. 2000 జులైలో 'ది ఆనియన్' అనే అమెరికన్ వ్యంగ్య పత్రిక ఒక కల్పిత వార్త వేసింది. అందులో పిల్లలు అన్నట్టున్న మాటలన్నీ ఆ పత్రికవాళ్లు సరదాకి రాసినవి. ఎవరో దాన్ని నిజమనుకుని ఈమెయిల్‌లో పంపారు, అది చేతులు మారుతూ ప్రపంచమంతా తిరిగింది.

కోర్టులో కూడా ఈ భయం నిలబడలేదు. అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో సెడార్‌విల్ అనే చోట స్కూల్ బోర్డు ఈ పుస్తకాలను షెల్ఫ్ నుంచి తీసి, తల్లిదండ్రుల సంతకం ఉంటేనే ఇవ్వాలని నియమం పెట్టింది. ఒక విద్యార్థిని కుటుంబం కోర్టుకు వెళ్లింది. పుస్తకాల వల్ల స్కూల్లో ఏ ఇబ్బందీ జరిగినట్టు బోర్డు చూపించలేకపోయింది. 2003లో జడ్జి వాటిని మళ్లీ అందరికీ అందేలా షెల్ఫ్‌లో పెట్టమన్నారు.

అపోహ: వాటికన్ ఈ పుస్తకాలను నిషేధించింది.

నిషేధించలేదు. కేథలిక్ చర్చికి ఒకప్పుడు నిషిద్ధ గ్రంథాల జాబితా ఉండేది, దాన్ని 1966లోనే ఎత్తేశారు. హ్యారీ పాటర్ మీద చర్చిలో ఉన్నవి భిన్నాభిప్రాయాలు. 2003లో వాటికన్ పత్రికా సమావేశంలో ఒక ఫాదర్ వీటిలో తప్పేమీ లేదన్నారు. అదే ఏడాది కార్డినల్ రాట్జింగర్, ఈ పుస్తకాలను విమర్శిస్తూ రాసిన ఒక జర్మన్ రచయిత్రిని మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. ఆయన పోప్ బెనెడిక్ట్ అయ్యాక, 2005లో ఆ ఉత్తరం వార్తల్లోకి వచ్చింది. 'పోప్ వద్దన్నారు' అనే మాట అక్కడ పుట్టింది. 2009లో వాటికన్ సొంత పత్రిక ఆరో సినిమాను మెచ్చుకుంది, మంచికీ చెడుకీ మధ్య గీత స్పష్టంగా గీసిందని.

ఈ పుస్తకాలను తగలబెట్టినవాళ్లూ ఉన్నారు. 2001 డిసెంబర్లో అమెరికాలో న్యూ మెక్సికోలోని అలమగోర్డోలో ఒక చర్చివాళ్లు వీటిని మంటలో వేశారు. 2019లో పోలండ్‌లోని గ్దాన్స్క్‌లో ఫాదర్లు కొన్ని వస్తువులతో పాటు ఈ పుస్తకాన్నీ కాల్చారు, విమర్శలు రావడంతో తర్వాత క్షమాపణ చెప్పారు.

మా స్కూల్‌కి వచ్చే క్రైస్తవ తల్లిదండ్రులు ఎక్కువగా బైబిల్లోని ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం చూపిస్తారు. శకునాలు, మంత్రాలు, సోదె వద్దని అందులో స్పష్టంగా ఉంది. నేను ఆ వాక్యంతో వాదించను. వాళ్లకు ఏడో భాగంలో ఒక పేజీ తీసి ఇస్తాను. క్రిస్మస్ ముందురోజు రాత్రి, మంచులో, హ్యారీ మొదటిసారి తల్లిదండ్రుల సమాధి దగ్గరికి వెళ్తాడు. ఆ రాయి మీద చెక్కి ఉన్నది మొదటి కొరింథీయులకు 15వ అధ్యాయంలోని మాట: "కడపట నశింపజేయబడు శత్రువు మరణము". అదే శ్మశానంలో ఇంకో సమాధి మీద మత్తయి సువార్త 6వ అధ్యాయంలోది: "నీ ధనమెక్కడ నుండునో అక్కడనే నీ హృదయము ఉండును". ఇవి బైబిల్లోవని పుస్తకం ఎక్కడా చెప్పదు, చదివేవాళ్లే పోల్చుకోవాలి. రచయిత్రి జె.కె. రోలింగ్ చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్ సభ్యురాలు. ఈ రెండు వాక్యాల్లో మొత్తం కథ సారం దాదాపుగా ఉందని 2007లో ఆమే చెప్పారు. ఈ పేజీ చదివాక కూడా కొందరు వద్దనే అంటారు. అది వాళ్ల నిర్ణయం. కానీ చూసి తీసుకున్న నిర్ణయం.

అపోహ: అభ్యంతరం ఒక మతం వాళ్లదే.

కాదు. 2002లో యూఏఈ తన ప్రైవేట్ స్కూళ్లలో వీటిని వద్దంది. మా దగ్గర ముస్లిం తల్లిదండ్రులు సిహ్ర్ (ఇస్లాంలో నిషిద్ధమైన మంత్రవిద్య) గురించి అడుగుతారు, హిందూ తల్లిదండ్రులు "మన కథలు ఉండగా ఇవెందుకు" అంటారు. ముగ్గురి ఇళ్లలోనూ మాయల కథలు ఉన్నాయని నాకనిపిస్తుంది. బాలనాగమ్మను ఎత్తుకెళ్లిన మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. వోల్డెమార్ట్ తన ప్రాణాన్ని ముక్కలు చేసి వస్తువుల్లో దాచాడని చదవగానే మా పెద్ద తరగతుల పిల్లలకు తట్టేది ఆ చిలకే. పాతబస్తీ ఇళ్లలో పెద్దవాళ్లు అమీర్ హమ్జా అనే వీరుడి దాస్తాన్లు (సాహస గాథలు), అందులోని తిలిస్మ్‌లు (మాయాలోకాలు), అయ్యార్లు (మారువేషాల మాయగాళ్లు) చెప్పుకున్నారు. విక్రమార్కుడి భుజం మీద శవంలోని భేతాళుడు కథలు చెబుతుంటే వినని తెలుగు పిల్లలు నా తరంలో లేరు. ఇవి విన్న మనం ఎవరం మాంత్రికులం అవలేదు.

అపోహ: ఈ ఎదురుచూపంతా కంపెనీలు పుట్టించిన పిచ్చి.

వ్యాపారం లేదని అనను. కానీ 1997 జూన్ 26న లండన్‌లో బ్లూమ్స్‌బరీ మొదటి పుస్తకం వేసినప్పుడు గట్టి అట్టతో అచ్చయినవి 500 కాపీలే. వాటిలోనూ ఎక్కువ భాగం లైబ్రరీలకే వెళ్లాయని అంటారు. పిల్లలు పిల్లలకు చెప్పుకోవడం వల్ల పెరిగిన పేరు అది. ప్రచారం తర్వాత వచ్చి చేరింది.

2007 జులై 21, శనివారం. ఏడో భాగం లండన్‌లో అర్ధరాత్రి దాటి ఒక నిమిషానికి విడుదలైంది, అంటే మనకు తెల్లవారుజామున 4 గంటల 31 నిమిషాలు. హైదరాబాద్‌లోనూ ఆ రోజు పొద్దున్నే షాపుల ముందు పిల్లలు నిలబడ్డారు, పక్కన నిద్రమొహాలతో నాన్నలు. అమెరికాలో మొదటి 24 గంటల్లో 83 లక్షల కాపీలు అమ్ముడయ్యాయని అక్కడి ప్రచురణకర్త ప్రకటించాడు.

నేను విలువ ఇచ్చేది ఆ క్యూకి కాదు, దానికి ముందు గడిచిన కాలానికి. నాలుగో భాగం 2000 జులైలో వచ్చింది, ఐదోది 2003 జూన్‌లో. మూడేళ్లు. ఆరో దానికీ ఏడో దానికీ మధ్య ఇంకో రెండేళ్లు. ఆ కాలంలో పిల్లలు పాత భాగాలను మళ్లీ మళ్లీ తిరగేశారు. స్నేప్ అనే టీచర్ మంచివాడా చెడ్డవాడా అని రెండు జట్లుగా చీలి, పేజీ నంబర్లు చూపించి వాదించుకున్నారు. ఆరో భాగం చివర్లో ఒక చీటీ మీద కనిపించే ఆర్.ఎ.బి. అనే మూడు అక్షరాల వెనక ఎవరున్నారో కనిపెట్టడానికి ఐదో భాగంలో ఒక చిన్న లాకెట్ దగ్గర ఆగారు. పాఠాన్ని ఇంత దగ్గరగా చదివించడానికి మేం టీచర్లం ఎంత కష్టపడతామో మీకు తెలుసు. ఇక్కడ ఎవరూ చెప్పకుండానే చేశారు.

ఇప్పటి పిల్లలకు ఏడూ ఒకేసారి దొరుకుతున్నాయి, ఆ ఖాళీ లేదు. అందుకని మా దగ్గర ఒక పద్ధతి పెట్టాను. ఒక భాగం తిరిగిచ్చేటప్పుడు 'తర్వాత ఏం జరుగుతుంది, ఎందుకలా అనుకుంటున్నావు' అని అర పేజీ రాసి ఇవ్వాలి. అది ఇస్తేనే తర్వాతి భాగం. మొదట గొణుగుతారు, మూడో భాగానికి వచ్చేసరికి అర పేజీ చాలదని అదనపు కాగితం అడుగుతారు.

అపోహ: సినిమాలు చూస్తే చాలు, సిరీస్ కూడా వస్తోంది కదా.

పీవ్స్ అనే అల్లరి దెయ్యం ఎనిమిది సినిమాల్లో ఎక్కడా కనిపించదు. మాంత్రికుల ఇళ్లలో వెట్టిచాకిరీ చేసే ఎల్ఫ్‌లనే చిన్న జీవుల కోసం హెర్మయనీ పెట్టిన సంఘం కూడా లేదు. మా పిల్లలు ఎక్కువగా చర్చించుకునేది ఆ సంఘం గురించే.

అపోహ: పిల్లల పుస్తకమే కాబట్టి ఏ వయసులోనైనా ఇవ్వొచ్చు.

మంత్రాల గురించి వంద ప్రశ్నలు వస్తాయి, ఈ ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. నా దృష్టిలో నిజంగా ఆలోచించాల్సింది ఇదే. హ్యారీ ఏడాదికేడాది పెరుగుతాడు, పుస్తకాలు కూడా అతనితో పాటే బరువెక్కుతాయి. మొదటిది పదకొండేళ్ల అబ్బాయి కథ. నాలుగో భాగం చివర్లో ఒక మంచి కుర్రవాడు ఏ తప్పూ చేయకుండా చచ్చిపోతాడు. ఐదో భాగంలో ఒక టీచర్ శిక్ష పేరుతో పిల్లవాడి చేతి మీద చర్మం కోసుకుపోయేలా రాయిస్తుంది. ఆరు, ఏడు భాగాల్లో ప్రేమించిన మనుషులు వరసగా పోతారు. పైగా ఐదోది ఇంగ్లిష్‌లో 700 పేజీలు దాటుతుంది. మొదటి మూడూ నాలుగో తరగతి నుంచి ఇస్తాను. నాలుగో భాగం ఏడో తరగతికి ముందు ఇవ్వను, ఇంట్లో ఈమధ్య ఎవరైనా పోయిన పిల్లలైతే ఇంకా ఆగమంటాను. అమ్మానాన్నలకు వీలైతే నాలుగో దానిలో చివరి అధ్యాయాలు ముందుగా చదవమని చెబుతాను.

అపోహ: లైబ్రరీ నుంచి తీసేస్తే సమస్య పోతుంది.

2000 నుంచి 2009 వరకు అమెరికా లైబ్రరీల్లో అందరికంటే ఎక్కువ అభ్యంతరాలు ఎదుర్కొన్నది ఈ సిరీసేనని అక్కడి లైబ్రరీ సంఘం జాబితా చెబుతోంది. చదవడం ఆగలేదు. మన నగరంలో ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీదకి వెళ్తే ఏ భాగమైనా సగం ధరకి దొరుకుతుంది. నాకు తెలిసిన ఒక స్కూల్లో ఒక ఫిర్యాదుతో మొత్తం సెట్ తీసేశారు. పిల్లలు వాటిని బ్యాగుల్లో దాచుకుని చదివారు, చదివింది ఏ పెద్దవాళ్లతోనూ మాట్లాడలేకపోయారు.

మా దగ్గర పద్ధతి ఇది. మీ అబ్బాయికో అమ్మాయికో వద్దనుకుంటే నాకు ఒక కాగితం రాసివ్వండి, కారణం చెప్పక్కర్లేదు. ఆ పిల్లల కార్డు మీద నాకు మాత్రమే తెలిసే గుర్తు పెడతాను, క్లాసులో ఎవరికీ తెలియనివ్వను. ఆ పిల్లలకు అదే రుచి ఉన్న ఇంకో సాహస కథ ముందే తీసిపెట్టి ఉంచుతాను. మిగతా పిల్లలకు మాత్రం పుస్తకం షెల్ఫ్‌లోనే ఉంటుంది. మనసు మారితే ఆ కాగితం తిరిగి తీసుకోవచ్చు. సెలవులకు పుస్తకాలు ఇచ్చే వారంలో రద్దీ ఎక్కువ, ఆ లోపే వచ్చి మాట్లాడండి.