గబ్బిలం ఎలుకకి చుట్టం కాదు, మరి ఎవరికి?

ఎలుకకి రెక్కలొస్తే గబ్బిలం అవుద్దని చిన్నప్పట్నుంచి వింటూనే ఉన్నాం, చూడ్డానికి కూడా అలాగే ఉంటది కాబట్టి ఎవరూ కాదనరు. కానీ వంశం లెక్కన చూస్తే ఎలుకకి గబ్బిలం కన్నా మనమే దగ్గర చుట్టాలం. ఎలుకలు, ఉడతలు, కుందేళ్ళు, కోతులు, మనుషులు అందరం ఒక పెద్ద కొమ్మలో ఉన్నాం. గబ్బిలం ఇంకో కొమ్మలో ఉంది, అక్కడ దానికి తోడు కుక్కలు, పిల్లులు, గుర్రాలు, గేదెలు, అలుగులు, చివరికి తిమింగలాలు కూడా. బెజవాడ వీధుల్లో రాత్రిపూట పడుకునే కుక్కకీ, పైన లైటు చుట్టూ పురుగుల కోసం తిరిగే గబ్బిలానికీ ఉన్న చుట్టరికం, ఆ గబ్బిలానికీ పక్కన కాలవలో ఎలుకకీ లేదు.

మన చట్టం కూడా చాలాకాలం గబ్బిలాన్ని ఎలుక పక్కనే కూర్చోబెట్టింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఐదో షెడ్యూల్ అని ఒకటుండేది, చంపినా అడిగేవాళ్ళు లేని జీవుల లిస్టు అది, అందులో కాకులు, ఎలుకలు, చుంచులు, వాటితోపాటు పండ్ల గబ్బిలాలు. 2022లో చట్టం సవరించినప్పుడు ఆ లిస్టునే తీసేశారు. ఇప్పచెట్టు పూలమీద వాలి పుప్పొడి మోసే జీవికి, అడవిలో గింజలు వెదజల్లే జీవికి ఆ మాత్రం మర్యాద దక్కడానికి యాభై ఏళ్ళు పట్టిందంటే నాకైతే బాధగానే ఉంటది.

ప్రపంచంలో గబ్బిలాలు 1,400 జాతులకి పైనే ఉన్నాయి, పాలిచ్చే జంతువుల జాతుల్లో దాదాపు ఐదో వంతు ఇవే. అన్నీ కలిపి కైరాప్టెరా అనే ఒకే వర్గం. వీటిలో మన విజయవాడ గుంటూరు వాళ్ళకి బాగా అలవాటైంది పొట్టిముక్కు పండ్ల గబ్బిలం, సైనాప్టెరస్ స్ఫింక్స్ అంటారు. ఇంటిముందు బాదం చెట్టున్న వాళ్ళకి పొద్దున్నే వాకిలి ఊడ్చేటప్పుడు నమిలి పిప్పి చేసి ఊసేసిన ముద్దలు కనపడతాయి చూడండి, అది దీని పనే, పండుని అంగిలికేసి నొక్కి రసం మింగి పీచు ఊసేస్తది. ఎప్పుడైనా చెట్టుకింద చచ్చిపడుంటే చేత్తో ముట్టుకోకుండా దాని రెక్కని కాస్త గమనించండి, రెక్క అంటే మొత్తం చెయ్యే, వేళ్ళ ఎముకలు సాగి సాగి గొడుగు ఊచల్లా సన్నగా అయ్యి మధ్యలో తోలు పరుచుకునుంటది, బొటనవేలికి గోరుంటది, దాని పక్కన రెండో వేలికి కూడా చిన్న గోరుంటది. ఆ రెండో గోరే ముఖ్యం. పురుగులు తినే గబ్బిలాల్లో అది కనపడదు. పెద్ద కళ్ళు, కుక్క మూతి, సాదా చెవి, రెండో వేలికి గోరు ఉంటే పండ్ల గబ్బిలం అనుకోవచ్చు. మర్రిచెట్లకి పగలంతా గుంపులుగా వేలాడే పెద్దవి, ఫ్లయింగ్ ఫాక్స్ అంటారే, అవీ ఇదే ఫ్యామిలీ.

ఇక పాత గుళ్ళల్లో, కోటల చీకటి గదుల్లో ఉండేవాటిలో కొన్నిటికి ముక్కుమీద ఆకులాంటి తోలు మడత ఉంటది, అరుపు ముక్కులోంచి పంపుతాయి. ఇంటి కిటికీ సందుల్లో దూరే బుల్లి గబ్బిలాలకి, అంటే పిపిస్ట్రెల్‌లకి, ఆ మడత ఉండదు, అవి నోటితో అరుస్తాయి. ఈ రెండు రకాలూ పురుగుల్ని పడతాయి, రెండూ తమ అరుపు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి చీకట్లో దారి చూసుకుంటాయి. మన పండ్ల గబ్బిలాలు ఆ పని చెయ్యవు, రూసెటస్ లాంటివి కొన్ని నాలుకతో టక్కుటక్కుమని చప్పుడు చేసి గుహల్లో నెట్టుకొస్తాయి గానీ గొంతుతో అరిచి దారి చూసుకోవడం వాటికి లేదు.

1758లో జీవుల్ని వర్గాలుగా విడదీసిన శాస్త్రవేత్త లిన్నేయస్ గబ్బిలాల్ని మనుషులు, కోతులు, లెమూర్లతో కలిపి ప్రైమేట్స్‌లో పెట్టాడు, ఛాతీమీద రెండు చన్నులుండటం ఆయన చూసిన గుర్తుల్లో ఒకటి. తర్వాత వేరే వర్గం చేశారు. 1875లో డాబ్సన్ అనే ఆయన, మన ఇండియాలో కొన్నాళ్ళు పనిచేసిన ఆర్మీ డాక్టరు, వీటిని రెండు ముక్కలు చేశాడు, పండ్లు తినే పెద్దవి మెగాకైరాప్టెరా, మిగతావన్నీ మైక్రోకైరాప్టెరా. కళ్ళకి కనపడే తేడాతో చూస్తే చక్కగా కుదిరిన విభజన, అందుకే వందేళ్ళు పైన నడిచింది.

దాన్ని గట్టిగా కుదిపింది 1986లో ఆస్ట్రేలియా న్యూరోసైంటిస్ట్ జాక్ పెటిగ్రూ. ఆయన కంటినుంచి మెదడుకి వెళ్ళే నరాల దారి చూశాడు. మామూలు జంతువుల్లో ఎడమ కంటి నరాలు దాదాపు మొత్తం మెదడులో కుడివైపుకే పోతాయి, కుడికన్ను ఎడమవైపుకి. కోతుల్లో, మనలో అట్లా కాదు, ఎదురుగా కనపడే దృశ్యంలో ఎడమ సగం రెండు కళ్ళనుంచీ కుడివైపుకి చేరుద్ది, కుడి సగం ఎడమవైపుకి. పండ్ల గబ్బిలాల్లో కూడా సరిగ్గా ఇలాగే ఉందని ఆయన చూపించాడు, పురుగులు తినేవాటిలో లేదు. కాబట్టి పండ్ల గబ్బిలాలు మన ప్రైమేట్స్‌కి చుట్టాలు, ఎగరడం పాలిచ్చే జంతువుల్లో రెండుసార్లు విడివిడిగా పుట్టిందని ఆయన వాదన. ఇది ఆషామాషీ వాదన కాదు, మెదడు వైరింగ్ అంత వివరంగా ఊరికే కలవదు కదా అని అప్పట్లో చాలామంది సీరియస్‌గా తీసుకున్నారు, అలా తీసుకోవడం సబబే అని నేననుకుంటా, ఎందుకంటే దాన్ని పరీక్ష చెయ్యడం కోసమే బోలెడంత డీఎన్ఏ పని జరిగింది.

1990ల్లో డీఎన్ఏ ఫలితాలు వరసగా రావడం మొదలైంది, అన్నీ గబ్బిలాలన్నిటిదీ ఒకటే వంశం అనే చెప్పాయి. అయినా పెటిగ్రూ ఊరుకోలా, ఎగిరే జంతువుల డీఎన్ఏలో కొన్ని అక్షరాలు ఎక్కువైపోయి ఆ పోలికని పుట్టిస్తున్నాయన్నాడు. ఇంకా ఎక్కువ జీన్లు తీసి చూసినా జవాబు మారలేదు. ఆ కంటి వైరింగ్ పోలిక విడిగా వచ్చిందే.

అసలు షాక్ 2000 తర్వాత వచ్చింది. ఎమ్మా టీలింగ్ అనే ఐర్లాండ్ శాస్త్రవేత్త టీమ్ 2005లో అన్ని గబ్బిలం ఫ్యామిలీల నుంచీ 17 జీన్లు పోల్చి చూస్తే డాబ్సన్ గీత తప్పు చోట పడిందని తేలిపోయింది. ముక్కుమీద ఆకున్న మన గుళ్ళల్లో గబ్బిలాలు, కప్పల్నీ చుంచుల్నీ వేటాడే పెద్ద చెవుల మెగాడెర్మా, ఇవన్నీ వచ్చి పండ్ల గబ్బిలాల పక్కన చేరాయి. ఈ గుంపుకి ఇన్‌టెరోకైరాప్టెరా అని పేరు. పిపిస్ట్రెల్‌లు, తోక బయటికుండే మొలాసిడ్‌లు, లాటిన్ అమెరికాలో రక్తం తాగే మూడు జాతులు, ఇంకా చాలా ఫ్యామిలీలు కలిసి యాంగోకైరాప్టెరా. థాయ్‌లాండ్‌లో రెండు గ్రాములుండే బంబుల్‌బీ గబ్బిలం ఉంది, దానికి పిపిస్ట్రెల్ కన్నా కిలోకి పైగా తూగే ఫ్లయింగ్ ఫాక్సే దగ్గర చుట్టం! పెళ్ళిలో మొహం పోలిక చూసి వీడు ఫలానా వాళ్ళబ్బాయి అనేసి, తీరా అడిగితే వేరే ఊరి వాడని తెలిసినట్టుంది ఇదంతా.

దీంతో ఒక పెద్ద చిక్కొచ్చి పడింది. ప్రతిధ్వని విద్య రెండు గుంపుల్లోనూ ఉంది, మధ్యలో పండ్ల గబ్బిలాలకి మాత్రం లేదు. అయితే అందరి పూర్వీకుడికీ ఉండి పండ్ల గబ్బిలాలు పోగొట్టుకున్నాయా, లేక రెండు గుంపుల్లో విడివిడిగా పుట్టిందా? 2017లో పిండాల్ని పరిశీలించినవాళ్ళు ఏం చూశారంటే, పండ్ల గబ్బిలం పిండంలో కోక్లియా, అంటే శబ్దాన్ని పట్టే లోపలి చెవి భాగం, మొదట్లో ప్రతిధ్వని వాడే గబ్బిలాల లాగే పెద్దగా పెరుగుద్ది, తర్వాత నెమ్మదిస్తది. అంటే ఒకప్పుడు ఉండి పోయిందనే అనిపిస్తది. కానీ 2022లో లోపలి చెవి నరాలుండే ఎముక కాలవని స్కాన్ చేసినవాళ్ళకి యాంగో గుంపులో ఎక్కువ వాటికి ఆ కాలవ గోడ తెరుచుకుని నరాలకి చోటు ఎక్కువ ఉన్నట్టు కనపడింది, ఇన్ గుంపులో అది మామూలు జంతువుల పద్ధతిలోనే ఉంది. అట్లా చూస్తే రెండుసార్లు పుట్టిందనిపిస్తది. నా మనసు ప్రస్తుతానికి రెండోవైపే కాస్త మొగ్గుతోంది, కానీ ఈ వాదన ఇంకా తెగలేదు.

ఫాసిల్స్ తేలుస్తాయేమో అనుకుంటే అవీ సగమే చెప్తున్నాయి. అమెరికాలో వ్యోమింగ్‌లో దొరికి 2008లో బయటపెట్టిన ఒనికోనిక్టెరిస్ అనే పాత గబ్బిలం, దాదాపు 5 కోట్ల 25 లక్షల ఏళ్ళనాటిది, ఐదు వేళ్ళకీ గోళ్ళున్నాయి, రెక్కలు ఎగరడానికి సరిపోతాయి, కోక్లియా మాత్రం చిన్నది, అంటే ఎగరడం ముందొచ్చి ప్రతిధ్వని తర్వాతొచ్చిందని దాన్ని వర్ణించినవాళ్ళు అన్నారు, అదే శిలాజంలో గొంతు దగ్గరి ఎముక చూపించి కాదన్నవాళ్ళూ ఉన్నారు. మన గుజరాత్‌లో వస్తాన్ లిగ్నైట్ గనిలో కూడా 5 కోట్ల ఏళ్ళు దాటిన గబ్బిలాలు దొరికాయి, 2007లో ఏడు జాతులు గుర్తించారు, ఒకే చోట అన్ని రకాలుండటం చూస్తే అప్పటికే ఇవి బాగా విస్తరించాయని అర్థమవుద్ది. అయితే అక్కడ దొరికినవి ఎక్కువగా పళ్ళు, దవడ ముక్కలు. పన్ను చూసి ఏం తినేదో చెప్పొచ్చు, ఎలా వినేదో చెప్పాలంటే చెవి ఎముక కావాలి. చెట్లమీద పాకుతూ చేతివేళ్ళు అప్పుడప్పుడే సాగుతున్న ఆ మొదటి పూర్వీకుడి ఎముకైతే ఇంతవరకు ఎక్కడా దొరకలేదు, దొరికిన పాతవన్నీ అప్పటికే ఎగరడం వచ్చిన గబ్బిలాలే.